చూపు ఎందుకు ఆగింది?



తెలుగు భాషకూ కంప్యూటరుకూ మధ్య పనిచేసేవాళ్లమంతా ఒకచోట చేరిన ఈ సదస్సుకు నన్ను అధ్యక్షుణ్ణి చేశారు. చాలా ఏళ్లుగా నేను ఏ పరికరం పక్కన కూర్చుని పనిచేశానో దాని గురించే మాట్లాడతాను. మనిషి చూపు తెరమీద ఎక్కడ పడుతోందో, ఎంతసేపు నిలుస్తోందో కొలిచే ఐ ట్రాకర్ అది.

కొన్నేళ్ల కిందట ఒక పింఛను దరఖాస్తు పేజీని పరీక్షిస్తున్నాం. అరవై దాటిన ఒకావిడ వచ్చి కూర్చున్నారు. వివరాలన్నీ తడబడకుండా నింపారు. చివర 'సమర్పించు' అన్న మీట దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. నాలుగు సెకన్లు. చదివేటప్పుడు కన్ను ఒక్కో చోట నిలిచేది సుమారు పావు సెకను మాత్రమే. దాంతో, చూపు ఎక్కువసేపు నిలిచిన చోటును ఎరుపులో చూపే హీట్ మ్యాప్‌లో ఆ మీట ఎర్రగా వెలిగింది. ఆ మాట ఆవిడకు అర్థం కాలేదని, మార్చాలని రాసుకున్నాను. వెళ్లబోయే ముందు మంచినీళ్లిస్తూ అడిగితే ఆవిడ ఇలా అన్నారు: "చదివాను నాయనా. ఒకసారి నొక్కాక మళ్లీ దిద్దుకోనిస్తారో లేదో అని ఆగాను. మా ఆయన పేరు సరిగ్గా రాశానా అని మనసులో చూసుకున్నాను." మాటలో దోషమేమీ లేదు. వెనక్కి వెళ్లి దిద్దుకునే దారి ఆ పేజీలో లేదు, అదీ లోపం. నేను అడగకపోయి ఉంటే ఆ లోపం అలాగే ఉండిపోయేది, మంచి తెలుగు మాట ఒకటి ఎగిరిపోయేది.

చూపు ఎక్కడ ఆగిందో యంత్రం చెబుతుంది. ఎందుకు ఆగిందో చెప్పాల్సింది మనిషి. ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీ ఈ శాస్త్రం పుట్టినప్పటినుంచీ ఉన్నదే.

1879లో జర్మన్ శరీరధర్మ శాస్త్రవేత్త ఎవాల్డ్ హెరింగ్ రెప్పలమీద సన్నని రబ్బరు గొట్టాలు ఆనించి, కంటి కండరాల చప్పుడు విన్నాడు. కన్ను కదలికను మొదట చెవితో పట్టుకున్నారన్నమాట! అదే కాలంలో పారిస్‌లో ఎమీల్ జవాల్ అనే కంటి వైద్యుడు చదువుతున్న కన్ను గురించి వరసగా వ్యాసాలు రాశాడు. చదివేటప్పుడు కన్ను వరసవెంట నున్నగా జారదని, గెంతుతూ ఆగుతూ పోతుందని తేల్చింది ఆ తరం పరిశోధకులే. ఆ గెంతును ఇవాళ్టికీ సాకేడ్ అనే ఫ్రెంచి మాటతోనే పిలుస్తున్నాం. జవాల్‌కు తరవాత గ్లకోమా వచ్చి చూపు పూర్తిగా పోయింది. ఆ స్థితిలో, 1903లో, చూపులేనివాళ్ల కోసం ఒక పుస్తకం రాశాడు. ఆయన పేరు తలుచుకున్నప్పుడల్లా నా మనసు అక్కడ కాసేపు ఆగుతుంది.

అమెరికాలో ఎడ్మండ్ హ్యూయీ 1898 నాటికి కంటిమీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్ గిన్నెలాంటిది అమర్చి, దానికి తేలికైన అల్యూమినియం ముల్లు తగిలించి గీతలు గీయించాడు. కంటికి మత్తుమందు వేయాల్సి వచ్చేది. 1901లో డాడ్జ్, క్లైన్ అనే పరిశోధకులు కన్ను ముట్టుకోకుండా, కంటి ముందరి పారదర్శక పొర కార్నియా మీద మెరిసే వెలుగు చుక్కను ఫొటో ప్లేటుమీద పట్టారు. నేటి పరికరాల మూలసూత్రం అదే. కంటికి కనిపించని పరారుణ దీపం కార్నియా మీద ఒక మెరుపు చుక్క వేస్తుంది. ఆ చుక్కకూ కనుపాప నడిమికీ ఉన్న ఎడం చూపు మళ్లినప్పుడల్లా మారుతుంది. తెరమీద కొన్ని చుక్కలు చూపించి ఎవరి కన్నుకు వారి లెక్క సరిచేసుకుంటాం, క్యాలిబ్రేషన్ అంటే ఇదే.

తెరలను మనుషులతో పరీక్షించే మన రంగానికి నేరుగా తాత అనదగ్గవాడు పాల్ ఫిట్స్. 1940ల చివర్లో విమానం దించుతున్న పైలట్ల కళ్లను సినిమా కెమెరాతో తీసి, ఏ మీటరును ఎన్నిసార్లు, ఎంతసేపు చూశారో లెక్కగట్టాడు. ఎన్నిసార్లు చూశారన్నది ఆ మీటరు ఎంత ముఖ్యమో చెబుతుందని, ఎంతసేపు చూశారన్నది దాన్ని చదవడం ఎంత కష్టమో చెబుతుందని ఆయన బృందం సూత్రీకరించింది. కాక్‌పిట్‌లో ఆ సూత్రం నిలుస్తుంది. పింఛను దరఖాస్తు నింపిన ఆ తల్లి దగ్గర నిలవలేదు. ఎందుకు నిలవలేదో మాస్కోలో యార్బస్ అనే శాస్త్రవేత్త ముందే చూపించాడు. రష్యన్ చిత్రకారుడు రేపిన్ వేసిన ఒక వర్ణచిత్రాన్ని ఒకే మనిషికి మళ్లీ మళ్లీ ఇచ్చి, ఒకసారి ఇందులోవాళ్ల వయసెంత అని, ఇంకోసారి వీళ్ల ఆర్థికస్థితి ఏమిటని ఇలా వేర్వేరుగా అడిగాడు. ప్రశ్న మారినప్పుడల్లా చూపు నడిచిన దారీ మారింది. మనసులో ఉన్న ప్రశ్న తెలియకుండా చూపు దారి చదవలేం.

ఇక తెలుగు దగ్గరికి వద్దాం, నా అసలు బాధ ఇక్కడుంది.

1975లో మెకాంకీ, రేనర్ అనే పరిశోధకులు తెరమీద పాఠకుడి చూపుతోపాటు కదిలే కిటికీ ఒకటి అమర్చారు. కిటికీ బయటి అక్షరాలు చెరిపేసి ఉంటాయి. ఆ పద్ధతితో జరిగిన పరిశోధనల్లో ఇంగ్లీషు చదువరి చూపుకు ఎడమన మూడు నాలుగు, కుడిన 14, 15 అక్షరాల మేర పనికొస్తుందని తేలింది. అందమైన ప్రయోగం. కానీ తెలుగులో అక్షరమంటే ఏది? 'స్త్రీ' మన కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో అది సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫ, దీర్ఘపు గుడి కలిపి ఆరు. వత్తు కిందకు దిగుతుంది, గుడి పైకెక్కుతుంది. ఇంగ్లీషు కన్ను అడ్డంగా చేసే పని మన కన్ను నిలువునా చేయాలేమో. 'వెళ్లిపోతున్నాడనుకున్నాను' మనకు ఒక్క మాట, ఆ మాట మధ్యలో కన్ను ఎన్నిసార్లు దిగుతుంది? ఇంగ్లీషు కొలతబద్దతో కొలిస్తే ఈ ప్రశ్నలు పుట్టనైనా పుట్టవు.

పరికరం పరిమితీ తెలుసుకోవాలి. మంచి యంత్రం కూడా అర డిగ్రీ అటూ ఇటూ తప్పుతుంది. 60 సెంటీమీటర్ల దూరంలో అది అర సెంటీమీటరు. ఫోన్ తెరమీద ఇరుకు వరసల్లో, చూపు ఈ వరస వత్తుమీదుందో కింది వరస గుడిమీదుందో దానికి తెలియదు. మీట దొరికిందా లేదా చూడటానికి సెకనుకు 60 కొలతలు చాలు. చదువులో ఒక గెంతు 30 మిల్లీసెకన్లలో ముగిసిపోతుంది కనుక, ఆ 60లో దానికి దక్కేవి రెండే. చదువు మీద పరిశోధనకు సెకనుకు 1000 కొలిచే యంత్రాలు కావాలి. కాటుక, దళసరి అద్దాలు, వయసుతో వాలిన రెప్పలు యంత్రాన్ని తికమకపెడతాయి. ఇలాంటివాళ్లను 'డేటా బాగా రాలేదు' అని పక్కన పెట్టేస్తే మనదగ్గర మిగిలేది పట్నం కుర్రవాళ్ల చూపే. పేజీలు ఎవరి కోసం కడుతున్నామో వాళ్లే లెక్కలోంచి జారిపోతారు.

నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇప్పుడు చెబుతాను. నరాల జబ్బుతో చేతులూ మాటా పడిపోయినవాళ్లకు చాలాసార్లు చివరిదాకా మిగిలేది కంటి కదలికే. తెరమీది కీబోర్డులో ఒక్కో అక్షరంమీద చూపు నిలిపి వాళ్లు రాస్తారు. చూసిన ప్రతిదీ నొక్కుకుపోతే కష్టమని, కాసేపు నిలిపితేనే నొక్కినట్టు లెక్క. ఈ చిక్కుకు రాబర్ట్ జేకబ్ అనే పరిశోధకుడు 1990ల మొదట్లో, గ్రీకు పురాణాల్లో తాకిందల్లా బంగారమైపోయే రాజు మైడాస్ పేరు పెట్టాడు. మనకైతే భస్మాసురుడి చెయ్యి గుర్తొస్తుంది. ఒక్కో మీటమీద ఒక్క సెకను నిలపాలనుకోండి. యూనికోడ్ వర్ణాలను ఒక్కొక్కటిగా నొక్కే ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో 'స్త్రీ' అనడానికి ఆరు సెకన్లు. కన్నతల్లితో, భార్యతో నాలుగు మాటలు చెప్పుకోవడానికి మనిషి ఎంత అలసిపోవాలి! సకారంమీద చూపు పడగానే దాని గుణింతం చుట్టూ విచ్చుకునే కీబోర్డు కావాలి. తరవాత రాబోయే మాటను ఊహించి ముందుంచే పద్ధతి కావాలి. తెలుగు వ్యాకరణం తెలిసినవాళ్లు, యంత్రం తెలిసినవాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చుంటేనే అది తయారవుతుంది.

హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో న్యూరల్, కాగ్నిటివ్ శాస్త్రాల కేంద్రం ఉంది. కనుక ఇలాంటి యంత్రాలు మనకు కొత్త కావు. మనకు కావలసింది అందరూ వాడుకోగల తెలుగు పాఠాల సంపుటి. పద్యం, వార్త, మందుల చీటీ, బ్యాంకు ఫారం, పిల్లల వాచకం, అన్నీ అందులో ఉండాలి. ఒక్కో పాఠాన్ని శ్రీకాకుళం మనిషి, నల్లగొండ మనిషి, అనంతపురం మనిషి చదువుతుండగా చూపు కొలవాలి. చదివాక ప్రతి ఒక్కరినీ ఎక్కడ ఆగారో, ఎందుకు ఆగారో వాళ్ల మాటల్లోనే అడిగి రాసుకోవాలి. ఆ రెండో సగం లేకుండా మొదటి సగాన్ని ప్రకటించవద్దని నా విన్నపం.

పక్కగదిలో ఒక ఐ ట్రాకర్ పెట్టించాను. ఎండలోని పరారుణ కాంతి దానికి గిట్టదు కనుక కిటికీ తెరలు వేసి ఉంటాయి. కంటి కొలతలు మీ సొత్తు. అందుకే అంగీకారపత్రం తెలుగులో ఉంది, కావాలంటే చదివి వినిపిస్తారు కూడా. భోజనాల తరవాత వచ్చి ఒక్క పేజీ చదవండి. చదవడం అయ్యాక కుర్చీలోంచి వెంటనే లేవకండి, మిమ్మల్ని అడగాల్సినవి ఉంటాయి.