విదేశమున విద్యార్థి యాత్ర
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈనాడు మన పల్లెలనుండియు బిడ్డలు చదువులకై సముద్రములు దాటిపోవుచున్నారు. కొందఱి ప్రయాణమునకై పొలము తాకట్టు పడుచున్నది. అట్లు పోయిన బిడ్డ అచ్చటి ప్రసిద్ధ స్థలములను చూచుట వ్యర్థవ్యయమా, విద్యలో భాగమా యని తండ్రులు అడుగుచుందురు. గ్రామ లెక్కలు వ్రాయువాడను గనుక నేను వ్యర్థవ్యయమే యందునని వారి తలంపు. కాని అది చూచు తీరును బట్టి యుండును. ఇందుకు ఒక విద్యార్థి చరిత్రమే నిదర్శనము.

1888 సెప్టెంబరు 4వ తేదీన బొంబాయిలో ఓడ యెక్కి, న్యాయశాస్త్రము చదువుటకై లండను చేరిన మోహనదాసు కరంచంద్ గాంధీయే ఆ విద్యార్థి. బండికిచ్చిన చిల్లర, తపాలా ఖర్చు సైతము వ్రాసికొని, ప్రతిరాత్రియు నిద్రకు ముందు నిలువ సరిచూచుకొనుట ఆయన నియమము. అట్టివాడు ప్యారిస్ నగరము చూడబోయెను. ఒక శాకాహార భోజనశాలలో గది తీసికొని ఏడు దినములుండెను. నగర పటమును, మార్గదర్శక గ్రంథమును చేతబట్టి చాలవఱకు కాలినడకనే తిరిగెను. ఈ సంగతులన్నియు ఆయన ఆత్మకథలో నున్నవి.

1889 నాటి ప్రపంచ ప్రదర్శనమునకై కట్టిన ఈఫెల్ గోపురము అప్పటికి క్రొత్తది. అప్పటి ఎత్తు సుమారు 300 మీటర్లు. గాంధీ దానిని రెండు మూడు మారులు ఎక్కెను. అంత ఎత్తున భోజనము చేసితినని చెప్పుకొనుటకై ఏడు షిల్లింగులు వెచ్చించి, ఆ సొమ్ము పాఱవైచితినని తరువాత తానే వ్రాసెను. ఆ గోపురమున కళ లేదనియు, అది యొక పెద్ద ఆటవస్తువనియు తీర్మానించెను.

ఆయన మనస్సున నిలిచినవి ప్రాచీన దేవాలయములు. 1163లో నిర్మాణ మారంభమైన నోటర్‌డాం ఆలయపు గాంభీర్యమును, ప్రశాంతిని, లోపలి శిల్పములను ఆయన మఱువలేదు. మేరీమాత ప్రతిమ ముందు మోకరిల్లిన వారిని చూచి, వీరు పూజించునది చలువరాతిని గాదు, అందు తాము భావించు దైవమునే యని గ్రహించెను. అన్యమతస్థుల గుడిలో ఇరువదియేండ్ల యువకుడు ఇట్లు తలంచుట సామాన్యమా?

అయినను పెద్దల తీర్పునైనను విచారింపక గైకొనరాదు. ఈఫెల్ గోపురమునకు మొదట ఇచ్చిన గడువు 20 ఏండ్లే. తంతిలేని వార్తాప్రసారమునకు అక్కఱకు వచ్చుటచే అది విప్పబడక నిలిచెను. నోటర్‌డాం 2019 ఏప్రిల్ 15న అగ్నిపాలై కప్పును శిఖరమును కోల్పోయి, పునర్నిర్మాణానంతరము 2024 డిసెంబరులో మరల తెఱవబడెను. ఈ చరిత్ర లెఱుగనివానికి ఒకటి వట్టి ఇనుము, వేఱొకటి వట్టి రాయి.

పెద్దన మనుచరిత్రమున ప్రవరుడు సిద్ధుడొసంగిన పాదలేపముతో క్షణములో హిమాలయము చేరెను. మంచునీట లేపము కరగిపోగా ఇంటిత్రోవ గానక తిరుగాడెను. నేటి విమానమును పాదలేపము వంటిదే. చేర్చును గాని త్రోవ నేర్పదు. వచ్చిన పనియు, ఇంటి అప్పును, కన్నవారును జ్ఞప్తియందుండి తిరుగువానికి పటము కావలెను. గాంధీ చేతనున్నది అదియే. మన బిడ్డలకు దానిని ముందుగా నీయగలది గ్రంథాలయము.

కావున తండ్రులారా, బిడ్డ ఖర్చులో యాత్రకును కొంత కేటాయింపుడు. బిడ్డలారా, పోకముందు ఆ స్థలములను గూర్చి ఇచ్చట చదువుడు. పోయిన పిదప నడచి చూడుడు. ప్రతి కాసును, ప్రతి తలంపును దాపఱికము లేక వ్రాసికొనుడు. ఆ వ్రాతప్రతిని తెచ్చి మన బీరువాలో నుంచుడు. పోలేనివారు దానిని చదివి ఆ స్థలములను చూతురు.