లండన్‌లో బొమ్మ సిపాయిల షాపు

లండన్‌లో నాకున్నది మూడు రోజులే. ఫ్రెండ్స్ అంతా బిగ్ బెన్ దగ్గర సెల్ఫీల్లో ఉంటే, నేను పికడిల్లీ ఆర్కేడ్‌లో బొమ్మ సైనికుల షాపు ముందు ఆగిపోయా.

అద్దం వెనక వరసలు కట్టిన సైన్యం. ఒక్కో సిపాయి ఎత్తు సుమారు 54 మిల్లీమీటర్లు, దాదాపు మన బొటనవేలంత.

1893లో బ్రిటన్స్ కంపెనీ ఒక ట్రిక్ పట్టింది. కరిగిన సీసాన్ని అచ్చులో పోసి, బయటి పొర గట్టిపడగానే లోపలిది వంపేయడం. బొమ్మ లోపల ఖాళీ! సీసం తక్కువ, రేటు తక్కువ. జర్మనీ బొమ్మలకి గట్టి దెబ్బ. మా సాఫ్ట్‌వేర్ భాషలో, ఆప్టిమైజేషన్ అన్నమాట. కానీ సీసం విషం. పాతవి పిల్లల చేతికి ఇవ్వొద్దు.

అదే కంపెనీ మద్రాస్ నేటివ్ ఇన్‌ఫాంట్రీ సెట్ కూడా చేసింది. మద్రాస్ సైన్యంలో మన తెలుగువాళ్ళు చాలామంది. ఉత్తరాదిలో సిపాయిల్ని 'తిలంగా'లనేవారు. అంటే దొరల పిల్లలు నేలమీద పేర్చి ఆడుకున్నది మనవాళ్ళ బొమ్మలతో!

ఆ సెట్ ఉందా అని అడిగా. లేదన్నారు. బయటికొచ్చి నాన్నకి ఫోన్ చేశా, మనవాళ్ళెవరైనా పటాలంలో చేశారా అని.

"మా తాత చేశాడ్రా. ఏ పటాలమో ఎవరం అడగలేదు" అన్నారు.

మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఇవాళే అడగండి. ఏం చెప్పారో కామెంట్‌లో రాయండి. ఉంటా మరి!