ఫాంట్ తెచ్చుకుంటే చాలదు, లెక్కలో చేర్చాలి

(మా సంఘం వార్షికోత్సవ ఆన్‌లైన్ సభలో అక్షర బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని పది నిమిషాలు మాట్లాడమన్నారు. దండారి గురించో, పాటల గురించో చెబుతామని మీరు అనుకుని ఉంటారు. మేము కంప్యూటర్‌లో ఫాంట్లను ఎలా భద్రపరచుకోవాలో చెబుతాం. దానికి ముందు మా వల్ల జరిగిన ఒక తప్పును సభ ముందు ఒప్పుకోవాలి.

పోయిన సంచిక ముఖపత్రం మీద సంఘం పేరును తెలుగుతో పాటు గుంజాల గోండి లిపిలో కూడా వేశాం. మా కార్యాలయంలోని పాత కంప్యూటర్‌లో లినక్స్ వాడతాం. బృందంలోని తమ్ముడొకడు తన లాగిన్‌లో కూర్చుని పేరు టైపు చేశాడు. అక్షరాలు చక్కగా కనిపించాయి. మరునాడు ఇంకొకరు వేరే లాగిన్‌లో అదే ఫైలు తెరిచి పీడీఎఫ్ చేశారు. చేసినవారికి ఆ లిపి రాదు. అక్షరాల చోట వరుసగా ఖాళీ గళ్లు వస్తే అంచు డిజైను అనుకున్నారు. సంచిక అందరి ఫోన్లకూ వెళ్లిపోయింది. లిపి తెలిసిన ఒక పెద్దాయన మనవడి ఫోన్‌లో దాన్ని చూసి మాకు ఫోన్ చేయించారు. "మన అక్షరాలు ఉండాల్సిన చోట ఈ ఖాళీ గళ్లేంట్రా?" అని ఒక్క మాటే అడిగారు. మేము ఏమీ చెప్పలేకపోయాం.

ఆ లిపి ఎంత కష్టపడి మన చేతికి వచ్చిందో మీకు తెలుసు. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలోని పాత రాతప్రతులను ఆచార్య జయధీర్ తిరుమలరావు గారి బృందం వెలుగులోకి తెచ్చింది. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. 1918లో మున్షీ మంగల్ సింగ్ మాసారాం రూపొందించిన మాసారాం గోండి లిపి అంతకు ఏడాది ముందే, 2017లో చేరింది. ఈ రెండు లిపులకూ నోటో వరుసలో ఉచిత ఫాంట్లు ఉన్నాయి. వాటి లైసెన్సు ప్రకారం ఎవరైనా కాపీ చేసుకుని పంచుకోవచ్చు. లిపి ఉంది, ఫాంట్ ఉంది. అయినా మా ముఖపత్రం మీద గళ్లే వచ్చాయి. ఎందుకు?

కేస్లాపూర్ నాగోబా జాతరలో భేటింగ్ మనందరికీ తెలుసు. మెస్రం ఇంటికి వచ్చిన కొత్త కోడలిని నాగోబాకు పరిచయం చేసిన తరువాతే ఆమెను వంశంలో కలుపుకుంటారు. కంప్యూటర్‌లో ఫాంట్‌కూ అలాంటి పరిచయం ఒకటి కావాలి. ఫైలు ఇంట్లో ఉన్నంత మాత్రాన సరిపోదు.

లినక్స్‌లో ఈ పని చూసేది ఫాంట్‌కాన్ఫిగ్. కీత్ ప్యాకర్డ్ మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. అంతకు ముందు ఎక్స్ విండో కాలంలో, ఫాంట్లు పెట్టిన ప్రతి ఫోల్డర్‌లోనూ ఒక జాబితా ఫైలు ఉండేది. కొత్త ఫాంట్ పెట్టినప్పుడల్లా ఎంకేఫాంట్‌డిర్ అనే ఆదేశంతో ఆ జాబితాను మళ్లీ రాయించి, తెరకు మళ్లీ చదవమని చెప్పాల్సి వచ్చేది. ఫాంట్‌కాన్ఫిగ్ తనకు చెప్పిన ఫోల్డర్లన్నీ తిరిగి, ప్రతి ఫాంట్ ఫైలు తెరిచి, దాని పేరేమిటి, ఏ అక్షరాలున్నాయి, ఎక్కడుంది అని రాసి పెట్టుకుంటుంది. ప్రతిసారీ అన్ని ఫైళ్లూ తెరిస్తే ఆలస్యమవుతుంది కాబట్టి ఆ రాతను క్యాష్‌లో దాచుకుంటుంది.

మా తమ్ముడు ఫాంట్‌ను తన సొంత హోం ఫోల్డర్‌లో, చుక్కతో మొదలయ్యే లోకల్ ఫోల్డర్ లోపల పెట్టుకున్నాడు. అక్కడ పెట్టింది ఆ లాగిన్‌కు మాత్రమే కనిపిస్తుంది. రెండో లాగిన్‌కు ఆ ఫాంట్ ఉన్నట్టే తెలియదు. అందరి సొత్తును ఒకరి పెట్టెలో దాచిపెట్టినట్టు అయింది.

ఇంకో సంగతి ఉంది. అడిగిన ఫాంట్ లేకపోతే ఫాంట్‌కాన్ఫిగ్ "లేదు" అని చెప్పదు. తన దగ్గరున్నవాటిలో దగ్గరిదనుకున్నది ఇచ్చేస్తుంది. తెలుగు అక్షరాలకైతే ఏదో ఒక తెలుగు ఫాంట్ దొరుకుతుంది, పని గడుస్తుంది. గోండి అక్షరాలున్న ఫాంట్ ఇంకొకటి లేనప్పుడు గళ్లే మిగులుతాయి. కంప్యూటర్ ఒక్క హెచ్చరిక కూడా ఇవ్వదు. అందుకే మేము మోసపోయాం.

ఇప్పుడు మేము చేస్తున్న పని చెబుతాం. మీ ఊరి గ్రంథాలయంలోనో, బడిలోనో లినక్స్ కంప్యూటర్ ఉంటే మీరూ చేయవచ్చు.

ఒకటి. మన ఫాంట్లను యూఎస్‌ఆర్‌లో లోకల్, అందులో షేర్, అందులో ఫాంట్స్ అనే ఉమ్మడి ఫోల్డర్‌లో గోండి అని వేరే ఫోల్డర్ చేసి పెడతాం. ఆ ఫైళ్లు అందరూ చదవగలిగేలా అనుమతి ఇస్తాం. అనుమతి లేకపోతే అక్కడ ఉన్నా మిగతావారికి కనిపించవు.

రెండు. ఎఫ్‌సి-క్యాష్ అనే ఆదేశం ఇస్తాం. వివరాలు చూపించమంటే ఏ ఫోల్డర్‌లో ఎన్ని ఫాంట్లు లెక్కలోకి వచ్చాయో చెబుతుంది. మనం పెట్టినవి రెండైతే రెండే కనిపించాలి. అప్పటికే తెరిచి ఉన్న లిబ్రేఆఫీస్‌ను మూసి మళ్లీ తెరుస్తాం.

మూడు. ఎఫ్‌సి-లిస్ట్ అనే ఆదేశంతో పేరు అడగం, అక్షరాన్నే అడుగుతాం. గుంజాల గోండికి యూనికోడ్‌లో కేటాయించిన చోటు 11డి60 నుంచి మొదలవుతుంది. ఆ సంఖ్యలో అక్షరం ఉన్న ఫాంట్లు ఏవి అని అడిగితే ఉన్నవే చూపిస్తుంది. మాసారాం గోండి చోటు 11డి00 నుంచి. రెండూ వేరు వేరు. ఒక లిపి ఫాంట్ తెచ్చుకుని రెండో లిపి కనిపించలేదని బాధపడినవాళ్లు మాలోనే ఉన్నారు.

నాలుగు. ఎఫ్‌సి-మ్యాచ్ అనే ఆదేశానికి ఫాంట్ పేరు ఇచ్చి చూస్తాం. మనం అడిగిన పేరే తిరిగి వస్తే సరే. వేరే పేరు వస్తే మనది దొరకలేదని అర్థం. ఒకే పేరుతో పాతదీ కొత్తదీ రెండు ఫైళ్లుంటే పాతదాన్ని తీసేస్తాం.

ఐదు. పీడీఎఫ్ అయ్యాక పీడీఎఫ్‌ఫాంట్స్ అనే ఆదేశంతో లోపల ఏ ఫాంట్లు పొదిగి ఉన్నాయో చూస్తాం. ఫాంట్ లోపలే పొదిగి ఉంటే చదివేవారి ఫోన్‌లో అది లేకపోయినా అక్షరాలు కనిపిస్తాయి.

వీటితో పాటు ఒక నోటు పుస్తకం పెట్టుకున్నాం. ఫాంట్ పేరు, ఎప్పుడు ఎక్కడి నుంచి తెచ్చాం, లైసెన్సు ఏమిటి, ఏ సంచికకు వాడాం అని అందులో రాస్తున్నాం. యూనికోడ్ రాకముందు పాత ఫాంట్లతో తెలుగులో టైపు చేసిన మన పాటలు, సభల నివేదికలు కూడా ఉన్నాయి. ఆ ఫాంట్ పోతే తెలుగు అక్షరాల చోట ఇంగ్లిషు అక్షరాలు, పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. అందుకని ఆ పాత ఫాంట్లనూ ఫైళ్లతో పాటే దాచి, వీలున్నప్పుడల్లా యూనికోడ్‌లోకి మారుస్తున్నాం.

ఈసారి ముఖపత్రం సిద్ధం కాగానే ఇవన్నీ చూశాం. అన్నీ సరిపోయాయి. అయినా ఎవరికీ పంపలేదు. కాగితం మీద ప్రింటు తీసి ఆ పెద్దాయన దగ్గరికే తీసుకెళ్లాం. ఆయన అక్షరం అక్షరం మీద వేలు పెట్టి చదివారు. "పేరు వచ్చింది. రెండో మాటలో ఒక గుర్తు తప్పు పడింది" అన్నారు. అక్కడే దిద్దించుకున్నాం. మీరు ఇప్పుడు చూస్తున్న ముఖపత్రం ఆయన దిద్దినదే.

అక్షరం ఫాంట్‌లో ఉందో లేదో కంప్యూటర్ చెబుతుంది. మాట సరిగా ఉందో లేదో చదవడం వచ్చినవారే చెప్పాలి. కాబట్టి కుర్రవాళ్లకు మా మనవి: ఈ ఐదు పనులు నేర్చుకోండి, మేము నేర్పిస్తాం. పెద్దలకు మా మనవి: మీ ఇళ్లలో పాత నోటు పుస్తకాలు, పాటల కాగితాలు ఉంటే మాకు ఒకసారి చూపించండి, మేము టైపు చేసింది మీరు చదివి దిద్దండి. ఇంకెప్పుడూ మన పేరు చోట ఖాళీ గళ్లు రాకుండా చూసుకుందాం.