సర్వం, అప్పాజీ, ఆంజినేలు

కర్ణాటకలోని సింధనూరు క్యాంపుల్లోనో మాన్విలోనో తెలుగు మాట్లాడే ఇంట్లో 'అమృతం' పేరెత్తి చూడండి, పెద్దవాళ్ల ముఖం ఇట్టే విప్పారుతుంది. గుణ్ణం గంగరాజు సృష్టించిన ఈ ధారావాహిక 2001 నుంచి 2007 దాకా జెమినీ టీవీలో వచ్చింది. కథానాయకుడు అమృతం పాత్రధారులు మాత్రం మారుతూ వచ్చారు: శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్. అయినా అమృతం నడిపే అమృతవిలాస్ హోటల్ మూతపడలేదు. నా లెక్కలో ఆ ఘనత పక్కనున్నవాళ్లదే!

అమృతం నేస్తం ఆంజినేలు, అంటే గుండు హనుమంతరావు, అప్పటికే సినిమాల్లో పేరున్న హాస్యనటుడు. 1987లో 'అహ నా పెళ్ళంట'లోనూ కనిపించారు. అయినా జనం నోట ఆంజినేలుగానే మిగిలారు. 2018 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఇంటి ఓనరు అప్పాజీగా శివన్నారాయణ, సర్వర్ సర్వంగా వాసు ఇంటూరి చివరిదాకా నిలిచారు. తర్వాత సినిమాల్లో ఎన్ని వేషాలు వేసినా ఆ పేర్లు వాళ్లను వదల్లేదు. నటుడికి అది వరమో, బరువో!

హర్షవర్ధన్ దారి వేరు. ఆయన కలం పట్టి 'ఇష్క్', 'మనం' సినిమాలకు మాటలు రాశారు. 2020లో ధారావాహికకు కొనసాగింపుగా 'అమృతం ద్వితీయం' జీ5లో వచ్చినప్పుడు అప్పాజీ, సర్వం పాతవాళ్లే. ఆంజినేలుగా ఎల్బీ శ్రీరామ్ వచ్చారు.