శీతల సంలీనము: ఒక జమాఖర్చుల పరీక్ష

వంటచెరకు కఱవైన యింటి యిల్లాలికిని, బొగ్గు అందక చింతించు విద్యుత్కేంద్రపు ఇంజనీరునకును ఉండు కోరిక ఒక్కటియే. ఇంధనము కావలెను, అది చవుకగా, తఱుగు లేకుండ, పొగ రాకుండ కావలెను. ఈ కోరిక మిక్కిలి బలమైనది. కనుకనే నీటినుండి అపారమైన శక్తిని తీయవచ్చునని ఎవరైన చెప్పినపుడు లోకమంతయు చెవి యొగ్గి వినును. వినుట తప్పు కాదు. విన్నదానిని ఎట్లు తూచవలెననునదే విచారింపదగిన విషయము. అందులకు 1989లో పుట్టి, నేటికిని పూర్తిగా సద్దుమణగని శీతల సంలీన వాదము మంచి ఉదాహరణము.

సంలీనమనగా తేలికయైన రెండు పరమాణు కేంద్రకములు కలిసి ఒక బరువైన కేంద్రకమగుట. సూర్యుడు వెలుగుచున్నది ఈ ప్రక్రియ వలననే. అయితే కేంద్రకములన్నియు ధన విద్యుత్తు గలవి. సజాతి విద్యుత్తులు ఒకదానినొకటి తోసివేయును. ఆ వికర్షణను దాటి అవి కలియవలెనన్న మిక్కిలి వేగముతో ఢీకొనవలెను. అనగా మిక్కిలి వేడి కావలెను. సూర్యుని గర్భమున ఉష్ణోగ్రత సుమారు 1.5 కోట్ల డిగ్రీలు. భూమిపై యంత్రములలో ఇదే కార్యము సాధించుటకు 10 కోట్ల డిగ్రీలకు పైబడిన వేడి అవసరమగుచున్నది. ఇంతటి వేడి లేకుండ, గదిలోని బల్లమీద, గాజుపాత్రలో ఆ పని జరుగునన్నదే శీతల సంలీన వాదము.

ఇందులకు ముడిసరకు డ్యుటీరియము, అనగా భార ఉదజని. సముద్రజలములోని ఉదజని పరమాణువులలో ఆఱువేలకు పైబడి లెక్కించిన ఒక్కటి మాత్రమే ఇట్టిది. దానితో ఏర్పడిన నీరే భారజలము. తెలుగునేలపై మణుగూరులో 1991నుండి భారజల కర్మాగారము నడుచుచున్నది. గోదావరి ప్రాంతమున తయారగు ఆ జలము అణు రియాక్టర్లలో ఉపయోగపడును. కావున ఈ కథలోని ప్రధాన ద్రవ్యము తెలుగువారికి పరాయిది కాదు.

1989 మార్చి 23వ తేదీన అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో ఇద్దరు విద్యుద్రసాయన శాస్త్రజ్ఞులు పత్రికా విలేఖరుల సమావేశము నేర్పాటు చేసిరి. ఒకరు ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన మార్టిన్ ఫ్లైష్‌మన్. రెండవవారు యూటా విశ్వవిద్యాలయపు స్టాన్లీ పాన్స్. ఇద్దరును తమ శాస్త్రమున పేరెన్నిక గన్నవారు, గారడీవారు కారు. వారి పరికరము సరళమైనది. లిథియము లవణము కలిపిన భారజలములో పల్లాడియపు కడ్డీని ముంచి, దాని చుట్టును ప్లాటినపు తీగను అమర్చి, విద్యుత్తును ప్రవహింపజేసిరి. పల్లాడియమునకు ఒక వింత గుణము కలదు. అది తన ఘనపరిమాణమునకు కొన్ని వందల రెట్లు ఉదజనిని పీల్చుకొనును. ఆ విధముగా లోహములో క్రిక్కిఱిసిన డ్యుటీరియము సంలీనము చెందుచున్నదనియు, వ్యయమైన విద్యుత్తుకంటె అధికమైన వేడి వెలువడుచున్నదనియు వారు ప్రకటించిరి.

ఆ ప్రకటన విని ప్రపంచమున సంచలనము కలిగెను. విశ్వవిద్యాలయములు, కళాశాలలు మాత్రమే గాక ఇంటి గ్యారేజీలలో ప్రయోగములు చేయు ఔత్సాహికులు సైతము రంగమున దిగిరి. కోట్ల డాలర్ల యంత్రము లేకుండ, బ్యాటరీతోను గాజుపాత్రతోను చేయదగిన పని కదా! యూటా రాష్ట్ర శాసనసభ 50 లక్షల డాలర్లు మంజూరు చేసెను. అమెరికా కాంగ్రెసును 2.5 కోట్ల డాలర్లు కోరిరి. మన దేశమున ట్రాంబేలోని భాభా అణుపరిశోధన కేంద్రములో పి. కె. అయ్యంగార్ నాయకత్వమున పెక్కు బృందములు వెంటనే ప్రయోగములు సాగించి, న్యూట్రానులను, ట్రిటియమును గమనించితిమని 1989లోనే ఒక నివేదికను వెలువరించెను. జార్జియాలోని ఒక సాంకేతిక సంస్థవారు తమకును న్యూట్రానులు కనబడినవని ప్రకటించి, కొలది దినములకే దానిని ఉపసంహరించుకొనిరి. వారి న్యూట్రాను పరికరము వేడికి చలించుచుండెనని తేలినది.

ఇక పరీక్ష. ప్రభుత్వోద్యోగులకు ఇది సులభముగ బోధపడు విషయము. ఏలయన ఇందున్నది జమాఖర్చుల తనిఖీయే. పాత్రలోనికి పోయిన విద్యుచ్ఛక్తి జమ. వెలికివచ్చిన వేడి, ఆవిరియై పోయిన నీరు, పైకి లేచిన వాయువులతో వెళ్లిపోయిన శక్తి ఖర్చు. జమకంటె ఖర్చు ఎక్కువగా కనబడినచో రెండే కారణములుండవచ్చును. ఎక్కడనుండియో లెక్కకు రాని ఆదాయము వచ్చియుండవలెను. లేదా పద్దులు వ్రాయుటలో పొరపాటు జరిగియుండవలెను. మొదటిదానిని ఒప్పుకొనుటకు ముందు రెండవదానిని సంపూర్ణముగ శోధించుట ఆడిటరు ధర్మము.

ఇక్కడ చిక్కులు చాల ఉన్నవి. విద్యుత్తు ప్రవహించునపుడు భారజలము విడిపోయి డ్యుటీరియము, ఆమ్లజని అను వాయువులగును. అవి పైకి పోవుచు కొంత శక్తిని తీసికొని పోవును. ఆ శక్తిని కొలువక, లెక్కకట్టి ఖర్చులో చేర్చుట యూటావారి పద్ధతి. కాని ఆ వాయువులలో కొంత భాగము పాత్రలోనే మరల కలిసి నీరైనచో, ఆ శక్తి వేడిగా పాత్రలోనే మిగులును. అపుడు ఒకే మొత్తము రెండుసార్లు ఖర్చు వ్రాసినట్లగును. ద్రవమును చక్కగా కలుపనిచో పాత్రలో ఒకచోట ఒక ఉష్ణోగ్రత, మఱియొకచోట మఱియొకటి ఉండును. కాలిఫోర్నియా సాంకేతిక సంస్థ రసాయన శాస్త్రజ్ఞుడు నేథన్ లూయిస్, 1989 మే మొదటి తేదీన బాల్టిమోరులో జరిగిన భౌతికశాస్త్ర సభలో ఇట్టి లోపములను ఎత్తి చూపెను. ఆయన బృందమునకు అధికమైన వేడి లభింపలేదు. ఇంగ్లండులోని హార్వెల్ ప్రయోగశాలవారికిని లభింపలేదు.

రెండవ పరీక్ష వోచరుకు సంబంధించినది. ఆదాయము వచ్చినదని వ్రాసిన చాలదు. దానికి రసీదు చూపవలెను. రెండు డ్యుటీరియము కేంద్రకములు కలిసినపుడు సుమారు సగము మారులు న్యూట్రాను, తక్కిన సగము మారులు ట్రిటియము వెలువడునని దశాబ్దముల ప్రయోగములు నిరూపించినవి. ఆ లెక్కన ఒక్క వాటు శక్తి సంలీనము వలన వచ్చినచో సెకనునకు సుమారు లక్ష కోట్ల న్యూట్రానులు బయల్వెడలవలెను. అన్ని న్యూట్రానులు నిజముగ వెలువడినచో, రక్షణ కవచము లేని ఆ బల్లయొద్ద నిలిచినవారి ప్రాణములకే ముప్పు. వారు క్షేమముగ ఉండుటయే ఆ వేడి తెలిసిన సంలీనమునుండి వచ్చినది కాదనుటకు సాక్ష్యము. ట్రాంబే నివేదికలోను ట్రిటియము న్యూట్రానులకంటె లక్షల రెట్లకు మించి ఉన్నట్లు చెప్పబడినది. సిద్ధాంతము ప్రకారము అవి రెండును ఇంచుమించు సమానముగ ఉండవలెను.

మూడవ పరీక్ష పునరావృత్తి. నేడు ఒకచోట జరిగినది రేపు మఱియొకచోట, మఱియొకరి చేతిలో, అదే విధముగ జరుగవలెను. ఈ విషయమున పూర్వానుభవము కూడ కలదు. 1926లో బెర్లిన్ నగరమున పానెత్, పీటర్స్ అను శాస్త్రజ్ఞులు పల్లాడియములో ఉదజని హీలియముగ మాఱినదని ప్రకటించిరి. మఱుసటి సంవత్సరము తామే మరల పరీక్షించి, ఆ హీలియము గాజునుండియు గాలినుండియు వచ్చినదని గ్రహించి, ప్రకటనను ఉపసంహరించుకొనిరి. వారి గౌరవము దానివలన తగ్గలేదు.

అమెరికా ఇంధనశాఖ నియమించిన సంఘము 1989 నవంబరులో నివేదిక నిచ్చెను. శీతల సంలీనమునకు నమ్మదగిన నిదర్శనము లేదనియు, ప్రత్యేక కేంద్రములకు ధనము వెచ్చింపరాదనియు, అయితే జాగ్రత్తగ రూపొందించిన చిన్న ప్రయోగములకు పరిమితమైన సహాయము చేయవచ్చుననియు దాని సారాంశము. 2004లో జరిగిన పునర్విచారణయు ఇంచుమించు ఇదే తేల్చినది. యూటాలో నెలకొల్పిన సంస్థ 1991లో మూతపడెను. పాన్స్, ఫ్లైష్‌మన్‌లు ఫ్రాన్సులో జపాను ధనముతో నడచిన ప్రయోగశాలకు తరలిరి. అదియు 1998లో మూతపడెను. గూగుల్ సంస్థ ధనసహాయముతో సుమారు ముప్పదిమంది పరిశోధకులు కొన్ని సంవత్సరములు శ్రమించి, శీతల సంలీనమునకు నిదర్శనము లభింపలేదని 2019లో ప్రకటించిరి.

విశ్వసించువారి పక్షమును కూడ న్యాయముగ వినవలెను. పల్లాడియములో డ్యుటీరియము తగినంత నిండనిచో ఫలితము రాదనియు, లోహపు కడ్డీలన్నియు ఒక్కతీరుగ ఉండవనియు వారందురు. 1965లో నోబెల్ బహుమానము పొందిన జూలియన్ ష్వింగర్ వంటి మహామేధావి ఈ వాదమునకు సిద్ధాంతమును కల్పింప యత్నించెను. వారి అంతర్జాతీయ సభలు ఆగిపోలేదు. 2011లో ఒకటి చెన్నైలోనే జరిగినది. అంతియే గాక, వేడి లేని సంలీనము ప్రకృతిలో అసంభవమని చెప్పుటయు సరికాదు. మ్యూయాను అను కణము మధ్యవర్తియైనచో చల్లని ఉదజనిలో సంలీనము జరుగునని 1956లో ఆల్వరెజ్ బృందము ప్రత్యక్షముగ చూచినది. కాని మ్యూయాను ఆయుర్దాయము సెకనులో పది లక్షలవంతులు రెండు మాత్రమే. దానిని పుట్టించుటకగు వ్యయము అది ఆర్జించి పెట్టు శక్తికంటె అధికము. కనుక నిజమైనను అది లాభసాటి కాలేదు.

ఎంతటి పండితుడు చెప్పినను అది శబ్దప్రమాణమే. పదార్థవిజ్ఞానమున శబ్దమునకు స్థానము లేకపోలేదు. కాని ప్రత్యక్షము దానిని సమర్థింపవలెను. ఆ ప్రత్యక్షము ఒక్కరి కంటికి గాక, పరీక్షింప వచ్చిన ప్రతివారి కంటికిని గోచరింపవలెను.

ఈ వివేకము శాస్త్రజ్ఞులకే గాక పరిపాలకులకును అవసరమని చాటిన ఘట్టము మన దేశముననే జరిగినది. 1996లో తమిళనాడునకు చెందిన ఒక యువకుడు నీటిలో మూలికలు వేసి కాచి పెట్రోలు తీయగలనని చెప్పగా, పత్రికలు పొగడెను. ఢిల్లీలోని పెద్దలు ఆదరించిరి. కట్టుదిట్టమైన పరీక్షలో ఆ మాట నిలువలేదు. తరువాత మూలికా ఇంధనమని విక్రయింపబడినది పెట్రోలియపు ద్రవ్యముల మిశ్రమమని దర్యాప్తులో తేలినది. 2016లో చెన్నై న్యాయస్థానము శిక్ష విధించెను. నడుమ గడచిన ఇరువది యేండ్లలో నష్టపోయినవారు దాని నమ్మి సొమ్ము పెట్టిన సామాన్యులు. యూటా శాస్త్రజ్ఞులను ఈ వ్యవహారముతో పోల్చరాదు; వారిది నమ్మకము, ఇది వంచన. కాని రెంటిని వేఱుచేసి చూపగల సాధనము ఒక్కటియే. అది తొందరపడని పరీక్ష.

నీటితో నడచు మోటారు, ఇంధనము లేకుండ తిరుగు చక్రము మొదలగువాటిని గుఱించిన విన్నపము ఏ కార్యాలయమునకైన రావచ్చును. దానిని చదువకయే చెత్తబుట్టలో పడవేయుట ఒక దోషము. చదివి ఆశపడి నిధులకు సిఫారసు చేయుట అంతకంటె పెద్ద దోషము. నాలుగు ప్రశ్నలు చాలును. శక్తి ఎక్కడనుండి వచ్చుచున్నది? లోనికి పోయినదానిని, వెలికి వచ్చినదానిని కొలిచినవారెవరు? కనిపెట్టినవాడు దగ్గర లేనపుడు కూడ యంత్రము పని చేయునా? తన మాట తప్పని అతడు ఒప్పుకొనుటకు ఏ ఫలితము రావలెను? నీటి విషయమున మొదటి ప్రశ్నయే తుది ప్రశ్న యగును. నీరనగా అప్పటికే కాలిపోయిన ఉదజని. బూడిదను మరల మండించి అన్నము వండలేము.

ఇండ్లలో ప్రయోగములు చేయ నుత్సహించు యువకులకు ఒక హెచ్చరిక కూడ అవసరము. 1992 జనవరిలో కాలిఫోర్నియాలోని ఒక ప్రయోగశాలలో ఇట్టి ఘటమే ప్రేలి ఒక శాస్త్రజ్ఞుడు మరణించెను. అందు సంలీనము లేదు; ఉదజని జాతి వాయువు ఆమ్లజనితో కలిసి మండుటయే కారణము. అనుభవజ్ఞులకే అట్టి ప్రమాదము సంభవించినపుడు, వంటయింటి మూలను మూసిన సీసాలో నీటిని విద్యుత్తుచే విడదీయుట ఎంత అపాయమో చెప్పనక్కఱలేదు. కుతూహలమునకు వేఱు మార్గములు కొల్లలు. అట్టపెట్టె, అద్దములతో సూర్యకుక్కరు చేసి, లోపలి వేడిని గంటగంటకును నోటుబుక్కులో వ్రాయవచ్చును. మేడమీది సౌరఫలకము ఏ మాసమున ఎన్ని యూనిట్లు ఇచ్చినదో మీటరు చూచి పోల్చవచ్చును. అందు అద్భుతము లేకపోవచ్చును; లెక్క మాత్రము తప్పదు.

సంలీనముపై ఆశ నశింపలేదు. 2022 డిసెంబరు 5న కాలిఫోర్నియాలోని లివర్‌మోర్ ప్రయోగశాలలో 2.05 మెగాజౌళ్ల లేసరు కాంతి ప్రయోగింపగా 3.15 మెగాజౌళ్ల సంలీనశక్తి వెలువడెను. అయితే ఆ లేసరును నడుపుటకు సుమారు 300 మెగాజౌళ్ల విద్యుత్తు వ్యయమైనదని కూడ వారే చెప్పిరి. ఫ్రాన్సులో నిర్మాణమగుచున్న ఈటర్ యంత్రమున భారతదేశము భాగస్వామి. దాని మహాశీతల కోశపు భాగములు గుజరాతులోని హజీరాలో తయారైనవి. 2025లో కెనడా శాస్త్రజ్ఞులు పల్లాడియపు ఫలకముపై వేగముగల డ్యుటీరియము కణములను ప్రయోగించుచు, రెండవ వైపునుండి విద్యుద్విశ్లేషణముచే డ్యుటీరియమును నింపినపుడు సంలీనము సగటున 15 శాతము పెరిగినదని ప్రకటించిరి. వారు చూపిన నిదర్శనము న్యూట్రానులే. వచ్చిన శక్తి వ్యయమైనదానిలో లేశమాత్రమనియు వారే స్పష్టముగ వ్రాసిరి.

1989లో కొఱవడినది ఇట్టి వ్రాతయే. లాభమును ప్రకటించునపుడు ఖర్చును దాచకుండుట, రసీదు లేని ఆదాయమును ఆదాయమని వ్రాయకుండుట, మఱియొకరు వచ్చి తనిఖీ చేయుటకు చిట్టాను తెఱచి యుంచుట ఏ వృత్తికైన గౌరవము తెచ్చును. పిల్లలు వింత వార్తను తెచ్చి ఇది నిజమా అని అడిగినపుడు అవుననియో కాదనియో వెంటనే తీర్పు చెప్పక, దీనిని ఎట్లు కొలిచిరో కనుగొనుమని ప్రోత్సహించు తల్లిదండ్రులు వారికి గొప్ప మేలు చేసినవారగుదురు.