తోట పంటల పరిశోధన - నిధుల కొరత - పంచాయతీల పని
(సికిందరాబాదున పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ సికిందరాబాదునకు ఉత్తరమున కొంపల్లి, మేడ్చల్, శామీర్‌పేట దారులలో వచ్చిన పెద్దలకు ఒకనాటి ద్రాక్షపందిళ్ళు జ్ఞాపకము ఉండియే తీరును. అనాబ్-ఎ-షాహీ ద్రాక్షకు జంటనగరముల పరిసరములు పేరుపడినవి. భూగర్భజలము అడుగంటినది, భూమి వెల పెరిగినది, తోటలు పోయి ఇండ్లు లేచినవి. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధనా స్థానమున్నను, నీరులేని పందిరిని పరిశోధన నిలుపజాలదు కదా!

ఆ సంగతి అటుండనిండు. డబ్బు చాలనప్పుడు వరి, జొన్నలకంటె తోట పంటలే ఎక్కువగా దెబ్బతినుటకు కారణమేమో నేడు మీతో ముచ్చటింపదలచితిమి.

వరి వంగడమును ఏడాదికి రెండు పంటలు తీసి పరీక్షింపవచ్చును. మామిడి అట్లు కాదు. సంగారెడ్డి ఫల పరిశోధనా స్థానమున రుమానీని నీలముతో సంకరపరచి ‘మంజీర’ అను రకమును సృష్టించిరి. చెట్టు పొట్టిగా పెరుగును, ఏటేట కాచును. అట్టి రకము వెనుకనున్న శ్రమ ఎంతో చూడుడు. ఒక్కొక్క పూగుత్తిలో వేలకొలది పూవులుండును. నిలిచి పండగునవి ఒకటి రెండు. చేతితో పుప్పొడి అద్దిన పూవులును చాలభాగము రాలిపోవును. దక్కిన కాయలో టెంక ఒక్కటే. అది మొలచి, చెట్టయి, తొలికాపు పట్టుటకు అయిదారేండ్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు కావలెను. మామిడి చాలవరకు ఒక ఏడు కాచి మరొక ఏడు మానునది గనుక, ఒక్క కాపు చూచి మంచిచెడులు తేల్చరాదు. 33 అడుగుల ఎడమున నాటినచో ఎకరమునకు 40 చెట్లే పట్టును. భూమి ఎంత కావలెనో మీరే లెక్క కట్టవచ్చును.

ప్రభుత్వ పద్దు ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగియును. చెట్టునకు ఆ లెక్క తెలియదు. ఒక్క వేసవిలో బోరు ఎండి, కూలీలకు సొమ్ము అందకున్న యెడల ఏడెనిమిదేండ్ల పని వాడిపోవును. మరుసటి సంవత్సరము రెట్టింపు నిధులిచ్చినను ఆ ఏండ్లు తిరిగిరావు. కొద్దిపాటి నిధులతోనైనను పని సాగును. నడుమ తెగిపోవు నిధులతో సాగదని మా అభిప్రాయము. సిద్దిపేట జిల్లా ములుగు కేంద్రముగా 2014లో ఉద్యాన విశ్వవిద్యాలయము ఏర్పడి, సంగారెడ్డి స్థానము దాని క్రిందకు వచ్చినది. సంస్థ పెద్దదైనను చెట్టు కాలము మాత్రము కురుచ కాలేదు.

మీ గ్రామపు పద్దునకు కూడ ఇదే వర్తించును. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము నాటిన మొక్కలలో నూటికి 85 బ్రదుకవలెనని నిబంధన పెట్టినది. ఆ సంఖ్య ఊరక వ్రాసినది కాదు. వేయి మొక్కలు నాటు సొమ్ము ఉన్నచో మూడువందలే నాటి, మిగిలినది మూడు వేసవుల నీటికిని, కంచెకును ఉంచుకొనుట మేలు. ఫొటోలో వేయి మొక్కలు చక్కగా కనబడును, నిజమే. మా శాఖవారమే ఆ ఫొటోలు ప్రకటింతుము. కాని మేకలు ఫొటోలు చూడవు.

మరొక పని కలదు. దీనికి ఖర్చు లేదు. లక్నో సమీపమున దశేరి గ్రామములోని ఒక్క చెట్టునుండియే దశేరి మామిడి దేశమంతట వ్యాపించినది. మన బాలానగర్ సీతాఫలమును పాలమూరు ప్రాంతపు ఊరి పేరుతోడనే ప్రసిద్ధి కెక్కినది. శాస్త్రజ్ఞులు కొలదిమంది, ప్రతి ఊరి దొడ్డి వెదుకజాలరు. మీ ఊరిలో విడువక కాచు మామిడియో, చీడ సోకని జామయో ఉన్నచో, యజమాని సమ్మతితో ఒక పుస్తకమున వ్రాసి ఉంచుడు: ఏ సంవత్సరము ఎన్ని కాచినది, ఏ నెలలో పండినది, తెగులు తగిలినదా, నీరు పెట్టితిరా. నాలుగైదేండ్ల లెక్క చేర్చి పరిశోధనా స్థానమునకు జాబు వ్రాసినచో, వారికి ఒక్క ప్రయాణముతో పని తేలును.

అంతలో మీ పదవీకాలము ముగియవచ్చును. క్రొత్త పాలకవర్గమునకు అప్పగించు వస్తువుల జాబితాలో ఆ పుస్తకమును కూడ చేర్చి, కార్యదర్శిచే రసీదు తీసికొనుడు.