వెంగమాంబ జుట్టు మీద హక్కు ఎవరిది?

(కాణిపాకంలో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కాణిపాకం వినాయకుడిని ప్రమాణాల దేవుడంటారు. కోనేట్లో మునిగొచ్చి ఈయన ముందు అబద్ధమాడితే ఊరుకోడని నమ్మకం. తాగుడు మానతానని ఒట్టు వేయించడానికి మొగుళ్లను వెంటబెట్టుకొచ్చే ఆడవాళ్లను మీరూ చూసే ఉంటారు. (ఆ ఒట్టు ఎన్నాళ్లు నిలిచిందో ఇంటికెళ్లి అడగాలి.) మన పల్లెల్లో ఆడదాన్ని ప్రమాణం చెయ్యమనేది మాత్రం ఎక్కువగా శీలం గురించే. రుజువు చేసుకునే భారం ఎప్పుడూ ఆమెదే. అందుకే ఇక్కడ ఈ సీమ స్త్రీ ఒకరి గురించి మాట్లాడాలనిపించింది. ఆమె తరిగొండ వెంగమాంబ.

గుర్రంకొండ దగ్గరి తరిగొండలో 1730లో పుట్టింది. చిన్నతనంలోనే పెళ్లి చేశారు, చిన్నతనంలోనే భర్త పోయాడు. ఆనాటి బ్రాహ్మణ వితంతువుకు విధించిన శిక్ష మీకు తెలిసిందే: తల గొరిగించుకోవాలి, బొట్టు చెరిపేసుకోవాలి, శుభకార్యాల్లో కనపడకూడదు. వెంగమాంబ ఒప్పుకోలేదు. వేంకటేశ్వరుడే నా భర్త, నేను వితంతువును కానంది. ఊరు ఊరుకుంటుందా? పుష్పగిరి పీఠాధిపతి దగ్గర పంచాయితీ పెట్టారనీ, ఆమె నమస్కరించగానే ఆయన దిగిన ఆసనం పగిలిందనీ కథ చెబుతారు. ఆసనం సంగతి నాకు ముఖ్యం కాదు. ఒక ఆడమనిషి జుట్టు గురించి తేల్చడానికి పీఠాధిపతి దాకా వెళ్లవలసి వచ్చిందని జనం గుర్తుంచుకున్నారు చూడండి, అది ముఖ్యం.

తర్వాత తిరుమల చేరింది. ద్విపద భాగవతం, వేంకటాచల మాహాత్మ్యం, యక్షగానాలు రాసింది. యోగ శాస్త్రం మీదా రాసింది. 1817లో అక్కడే కన్నుమూసింది. ఏకాంత సేవలో ఆమె పేరిట ముత్యాల హారతి ఇప్పటికీ ఇస్తారు. కొండ మీద 2011లో ప్రారంభమైన అన్నప్రసాద భవనానికీ ఆమె పేరే. వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881లో. అంటే ఆమె పోయిన 64 ఏళ్లకు. పైగా ఈమె మళ్లీ పెళ్లి అడగలేదు. నా జుట్టు, నా బొట్టు, నా చదువు నాకు వదిలెయ్యమంది.

ఇక్కడే నాకొక ఇబ్బంది ఉంది. ఆ మాట చెల్లడానికి ఆమెకు మరో భర్త కావలసి వచ్చాడు, దేవుడైనా సరే. పితృస్వామ్యం తన నియమాన్ని మార్చుకోలేదు. ఆమెకొక్కదానికి మినహాయింపు ఇచ్చి, మహాత్మురాలని పక్కన కూర్చోబెట్టింది. భక్తి ఆమెకు దారి ఇచ్చింది, నిజమే. అలా అని ఆమె తెగువనంతా భక్తి ఖాతాలో రాసేస్తే మనం నష్టపోతాం.

కొన్నేళ్ల కిందట ఒక పల్లెలో సంఘం మీటింగుకు వెళ్లాను. దీపం వెలిగించమని భర్త పోయిన ఒకామెకు అగ్గిపెట్టె అందించాను. తీసుకోలేదు. వెంగమాంబ కథ చెప్పాను. నవ్వేసి, "నేనేమన్నా వెంగమాంబనా మేడమ్? నా మాట ఎవురింటారు?" అంది.

నా దగ్గర జవాబు లేకపోయింది. 2022లో మహారాష్ట్రలో హెర్వాడ్ గ్రామ పంచాయితీ గాజులు పగలగొట్టడం, బొట్టు తుడవడం వంటి ఆచారాలు ఆపాలని తీర్మానం చేసింది. అక్కడ ఎవరూ యోగిని కానక్కర్లేదు. అలాంటి తీర్మానం మన గ్రామసభల్లో పెట్టించగలమా, ఎవరు అడ్డుపడతారు, సంఘాల్లోని ముత్తైదువలు మనతో నిలబడతారా అన్నది మధ్యాహ్నం చర్చకు తీసుకుందాం. భర్త పోయిన అక్కలు ముందు మాట్లాడాలని నా కోరిక.